మామకు చెప్పలేని జీతం మాట

గురువారం రాత్రి

నా రాత వంకర, తప్పులుంటాయి, మన్నించాలి. ఐదో తరగతిలోనే బడి మానేశాను.

మా ఆయన మాల్దీవుల్లో ప్రైవేటు బడిలో లెక్కల సారు. జీతం డాలర్లలో వస్తుందన్న ధైర్యంతో మామ మగ్గం అమ్ముతానని మాటిచ్చారు. కొన్నవాళ్లు రేపు ఉదయం వచ్చి విప్పుకుపోతారు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"జీతం ఈడి రూఫియాల్లోనే ఇస్తాండారు. బ్యాంకులో అడిగితే డాలర్లు లేవంటాండారు. దుడ్లు చేతిలోనే ఉండాయి, ఇంటికి పంపేదానికి దోవ లేదు. నాయనకు చెప్పొద్దు."

"మరి మగ్గం?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. మగ్గం పోతే మేం తినేదేముంది?

మామ మగ్గం తుడుస్తూ, "ఇంక మనం కాలు మీద కాలేసుకునేదేమ్మా" అని నవ్వారు. పెళ్లైనప్పటి నుంచి మామ ఎదుట నోరెత్తింది లేదు. ఈరోజూ తలొంచుకుని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను.

ఈ పేజీ చించి, నేసేటప్పుడు మామ కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో పెడతాను. మామా, వాళ్లు వచ్చేలోపు చదవండి. చదివి పొయ్యిలో వేయండి. నేను చెప్పినట్టు మీ కొడుక్కు తెలియకూడదు.