ఆగమన్న నాలుగు రోజులు

బైరాడా ప్రాంతంలో పుట్టి పెరిగిన నేను, నొఎమియా సెయిసా, వయసు నలభై ఏడు, అవివాహితను, జబ్బు ముదిరినా తెలివి తప్పకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా నోటరీ ఎదుట రాయిస్తున్న వీలునామా. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. నేనైతే ఆ మాట అంత గట్టిగా చెప్పలేను.

1. ఉత్తరాన మిన్యు నుంచి తెచ్చిన ఆరు సీసాల లేత వైను అన్నయ్య కూతురు జసింతాకు. నాలుక మీద చిటపటలాడే రకం. దాచకు, ఈ వేసవిలోనే తాగెయ్యి. దాచుకోవడం మన ఇంటి రోగం. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా నీదే.

2. దక్షిణాన అలెంతెజు వాళ్ళు వైను పులియబెట్టే మట్టి బాన ఒకటి పెరట్లో ఉంది. అది ఇరవై ఏళ్ళుగా మా తీగలు కత్తిరిస్తున్న ఎర్మెలిందాకు. "అమ్మాయ్, ఇంత బాన నాకెందుకు? క్యాబేజీ నారు పోసుకుంటా" అంది. పోసుకోనివ్వండి.

3. దేశంలోని వైన్ల మీద నేను రాస్తున్న పుస్తకాన్ని తగలబెట్టండి. దౌరు లోయ తీపి గురించీ, దావు కొండల నాజూకు గురించీ పేజీలకు పేజీలు రాశాను. మా ఊరి వైను దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

4. నాన్న ఇచ్చిన పాత ద్రాక్షతోటలో నా సగభాగం అన్నయ్య అమీల్కార్‌కు, ఏ షరతూ లేకుండా. తీగలు పీకించి వగరు లేని దక్షిణాది మెత్తని రకం వేస్తానంటే నేను మూడేళ్ళు సంతకం పెట్టలేదు. "ఏం చదువులమ్మా, ఈ వగరు ఎవడు తాగుతాడే? పళ్ళు తోముకోడానికి పనికొస్తుందేమో!" అని ఈస్టరు భోజనంలో అందరి ముందూ నవ్వాడు. అది నేను క్షమించలేదు. కానీ ఆ వగరు తీగది కాదు. పండకముందే కోస్తున్నాడు. ఎందుకు కోస్తున్నాడో నాకు తెలుసు.

పదమూడేళ్ళ కిందట, సెప్టెంబరులో, ఒక పండు నోట్లో వేసుకుని "రేపే కోద్దాం చెల్లాయ్" అన్నాడు. నేను తీపి, పులుపు కొలతల కాగితం చేతికిచ్చి, ఇంకా పండలేదని నాలుగు రోజులు ఆగమన్నాను. తన నాలుకను పక్కనపెట్టి నా వైను చదువును నమ్మాడు. మూడో రోజు వాన. పంటంతా తీగల మీదే కుళ్ళింది. "ఈ ద్రాక్షను నమ్మకూడదు, నా నాలుకనూ నమ్మకూడదు" అన్నాడు. అప్పట్నుంచీ మబ్బు కనిపిస్తే చాలు, పచ్చికాయలే కోసేస్తున్నాడు.

5. ఆ కాగితం మీది అంకెలు కొలిచినవి కావు. ఆ వారమంతా పుస్తకం కోసం దక్షిణాన రుచులు చూస్తూ తిరిగాను. ఇంటికొచ్చి, పళ్ళు కొలవనే లేదని ఒప్పుకోలేక, అంచనాగా రాసిచ్చాను. చెబుదామని ప్రతి కోతకూ అనుకున్నాను. అన్నయ్య నవ్వులు గుర్తొచ్చి, మానుకున్నాను.

అన్నయ్యా, నోటరీ ఇది చదువుతుంటే లేచి వెళ్ళిపోకు. ఆ రోజు 'రేపే కోద్దాం' అని నువ్వన్నదే నిజం. తప్పు తోటది కాదు, నీదీ కాదు. పీకుతావో ఉంచుతావో నీ ఇష్టం. ఈసారి మాత్రం నా మాట విని ఏమీ చెయ్యకు.

అనాదియా, 14 మార్చి 2019
(సంతకం) నొఎమియా సెయిసా

సాక్షులు: అదొజిందా క్వరెజ్మా, తెయోఫిలు విదాల్