గట్టులో మిగిలిన పుర్రె

అన్నయ్యకు,

లింకన్ నుంచి రోవెనా రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అమ్మా, దూడలూ కులాసాయేనని నీ ఉత్తరం చెప్పింది. దాని చివర, వాన పడిందని రాసినంత తేలిగ్గా, ఉత్తర దిక్కు బీడులో, నేల తవ్వుకుని బతికే ఆ బ్యాడ్జర్ బొరియ ఉన్న గట్టును ట్రాక్టరుతో పూడ్చేశానని రాశావు. అది చదివాక నాకు భోజనం సహించలేదు.

మన గుర్రం జుబిలీ ఆ బొరియలోనే కాలు విరగ్గొట్టుకుంది. దాన్ని నువ్వే తుపాకీతో కాల్చాల్సి వచ్చింది. దాని కోసం నేనూ ఏడ్చాను. మన వైపు బొరియ కనిపిస్తే పూడ్చడం అందరూ చేసేదే. కానీ బ్యాడ్జర్ అక్కడ తవ్విపోసిన మట్టిలోనే నాకు రాయిగా మారిన ఆదిమ బ్యాడ్జర్ దవడ దొరికింది. మిగతా పుర్రె లోపలే ఉంది. వేసవి దాకా గట్టు ముట్టుకోనని మాటిచ్చావు.

బ్యాడ్జర్‌ను చిన్న ఎలుగుబంటి అంటూ, దాని కోసం ఇంత చదువా అని అడిగావు. అది ఎలుగుబంటి కాదు, నీటికుక్కల కుటుంబం. ఐరోపా బ్యాడ్జర్ మన అమెరికాదానిలాగే కనిపించినా దానికి దగ్గరి చుట్టం కాదు. రెండూ వేరువేరుగా తవ్వడానికి అలవాటుపడి ఒకే రూపానికి వచ్చాయి. ఆసియాలో బ్యాడ్జర్లనుకున్న కొన్నిటిని చివరికి కంపు చిమ్మే స్కంకుల్లో చేర్చారు. వర్గీకరణ అన్న మాట మీద నాకిప్పుడు ప్రేమ పుట్టింది. ముఖం చూసి నమ్మకుండా, నువ్వెవరి కడుపున పుట్టావని అడగడమే అది. మనదాని వంశం మొదట్లో ఎలా ఉండేదో ఆ పుర్రె చెప్పగలదు.

అమ్మ ఫోనులో నీ మాట అప్పజెప్పింది: "చచ్చిన ఎముక కోసం బతికున్న అన్నతో పోట్లాడుతుందా అది? వచ్చి ముద్రలు వేసేటప్పుడు దూడల కాళ్లు పట్టుకోమను."

పట్టుకుంటాను. ఇంతసేపూ రాయకుండా ఆపుకున్న సంగతి ఇది. ఆ బీడు నాన్న మనిద్దరి పేరా రాశాడు. నా వంతు హక్కుతో మా ప్రొఫెసర్ హాల్వర్సన్‌నూ ఆవిడ మనుషులనూ రమ్మన్నాను, దూడలకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే రోజునే. ఆ రోజు సాయానికి గేటు దాటి వచ్చినవాళ్లను మన వైపు ఎవరూ వెనక్కి పంపరు. పొరుగువాళ్లంతా చూస్తుండగా నువ్వూ పంపలేవు. తెలిసే ఎంచుకున్నాను.

మధ్యాహ్నం దాకా వాళ్లు నీ దూడలను పడతారు. తర్వాత గట్టు తవ్వుతారు. నీ ట్రాక్టరు కింద పుర్రె పిండి అయ్యుంటే, ఆ ముక్కలు నా చేత్తోనే ఏరి, రాత్రి భోజనాల బల్ల మీద నీ కంచం పక్కన పోస్తాను. నువ్వు వాటిని చూస్తూ తినాలి.

ఇట్లు,
కోపం దాచుకోవడం చేతకాని నీ చెల్లెలు,
రోవెనా