వంగిన డిష్ కంబం

వదినా, టీవీ బాగైంది, పెట్టుకో. రిమోటులో డిష్‌ను తిప్పే మోటరు బటను ఒక్కసారే నొక్కి, మిద్దె మీద డిష్ తిరిగి నిలిచేదాకా ఊరికే ఉండు. నువ్వు అడిగిన కన్నడ ఛానళ్లు కూడా వస్తాండాయి.

నిన్న నేను పైన డిష్‌ను చేత్తో తిప్పి సరిచూస్తుంటే, బొమ్మ రాలేదని నువ్వు ఇంట్లో నుంచి నిజమే చెప్పినావు. నేనే "కండ్లు కనపడవా నీకు?" అని వీధంతా వినేటట్లు అరిస్తిని. పొద్దున దారానికి రాయి కట్టి చూస్తే కంబమే ఒక పక్కకు వంగి ఉంది. దాన్ని మొదట బిగించింది నేనే; ఇప్పుడు నిట్టనిలువుగా సరిచేసినా. తప్పు నాదేనని పక్కింటి భీమమ్మత్తకు కూడా చెప్పినా. నీ ఎదురుగా నిలబడేకి మొగం చెల్లక, చీటీ పెట్టి ఆదోనికి పోతాండా.

వీరేష్

అన్ని మాటలు పడి కూడా, నేను దిగేటప్పుడు వచ్చి నిచ్చెన పట్టుకుంటివి వదినా.