ఫోన్ నా దగ్గరుంది

ఏమండీ, లేచాక ఫోన్ కోసం వెతక్కండి. అది నా సంచిలో ఉంది, ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం, కూర పొయ్యి పక్కన పెట్టాను, వేడి చేసుకుని తినండి. అమ్మాయిని బడి నుంచి మీరే తీసుకురావాలి. దారిలో తల దించుకుని నడవకండి, అది అన్నీ గమనిస్తుంది.

ఫోన్లో మనల్ని ఆడిపోసుకుంటున్న వాళ్లకి మన అమ్మాయి ఫొటో ఎలా దొరికిందా అని నిన్నంతా బుర్ర బద్దలు కొట్టుకున్నారు. దారి చూపించింది నేనే. బస్సులో ఆ పెద్దమనిషి మీద మీరు అరిచిన వీడియో కింద ఒక మాట రాశాను. "నేను డ్రైవర్ గారి భార్యని. ఆ పెద్దమనిషి కదిలే బస్సులోంచి దిగబోతే మావారు భయపడి అరిచారు. అది ఎవరూ వీడియో తియ్యలేదు" అని. నిజం చెబితే ఊరుకుంటారనుకున్నాను. అగ్గికి ఆజ్యం పోసినట్టయింది. నా పేరు పట్టుకుని నా ఖాతాలోకి వచ్చి, పిల్ల పుట్టినరోజు ఫొటో మీద కూడా జోకులేశారు. మీరు కంచం ముందు నుంచి లేచిపోతుంటే, నా వల్లేనని చెప్పడానికి నోరు రాలేదు. నా ఖాతా తీసేశాను. వాళ్లన్న మాటల్ని మాత్రం ఎక్కడని తీసేస్తాం.

మరిచాను, పొద్దున మీ కండక్టర్ వచ్చాడు. మీరు నిద్రలో ఉన్నారని లేపలేదు. "అన్న అరవకపోతే ఆ పెద్దాయన చక్రం కింద పడేవాడు వదినా. డిపోలో అందరికీ చెప్పాను" అన్నాడు. సాయంత్రం మళ్లీ వస్తాడు. ఈసారి మీరే తలుపు తియ్యండి.