నేను కలపని కిరోసిన్

సెప్టెంబర్ 19, సోమవారం

ఈ రోజు నుంచి బస్సులు కూడా తెలంగాణ సమ్మెలోకి. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడకే. రోడ్డు ఖాళీ. మధ్య గీత మీద నడిచాను. మిలిటరీలో ఉన్నన్నాళ్లు ఇంత తిన్నగా ఎప్పుడూ నడవలేదు.

టిఫిన్ సెంటర్ మీద మా గది. మాజీ సైనికుల పింఛను కాగితాలు, వైకల్యం కాగితాలు. ఇంగ్లీషు సుబ్బారావు సార్‌ది, తిరుగుడు నాది, మాటలు కూడా నావే. ఆయన సుబేదార్‌గా దిగాడు, గోదావరి మనిషి, ఇస్త్రీ చొక్కా. నేను లంగర్ నుంచి దిగాను — వంటవాణ్ణి, పదో తరగతి ఫెయిలు.

సాయంత్రం ఆయన స్కూటర్ వెనక మడ్‌గార్డ్ మీద జై తెలంగాణ స్టిక్కర్ అంటించాను. ఆయన వనస్థలిపురం పోవాలి. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తా రోకో.

సెప్టెంబర్ 20

సార్ మంచి హుషారు మీద ఉన్నాడు. "ఏమయ్యా సైదులు, నిన్న నా స్కూటర్ ఒక్కదాన్నే వదిలారు. ఒకతను సెల్యూట్ కూడా కొట్టాడు. యూనిఫాం లేకపోయినా సోల్జర్ తెలిసిపోతాడయ్యా."

అవును సార్, నడకలోనే తెలుస్తది అన్నాను. కడుపు పట్టుకుని మెట్ల దగ్గరకు పోయి నవ్వుకుని వచ్చాను.

సెప్టెంబర్ 22, గురువారం

మల్లన్న పింఛను దరఖాస్తుకు జవాబు వచ్చింది. నవ్వు పోయింది.

మల్లన్నది — కాగితాల్లో మల్లయ్య — నాది ఒకే యూనిట్, ఒకే జిల్లా, ఒకే బ్యారక్. ఇప్పుడు బడంగ్‌పేట్‌లో ఉంటాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకుంటాడు. క్యాంపులో తాగిన నీళ్ల వల్లే అని దరఖాస్తు పెట్టాం. బండ్ల షెడ్ దగ్గర డీజిల్, పెట్రోలు ట్యాంకులు భూమిలో ఉండేవి, వాటికి నలభై అడుగుల దూరంలో మా బోరు. మల్లన్న పేరున దరఖాస్తు తెలుగులో రాసింది నేనే. నీళ్ల వాసన గురించి రాసింది కూడా నేనే.

సార్ ఉత్తరం చదువుకుంటూ తెలుగు చేసి చెబుతున్నాడు. మొదటి పేరా మర్యాద. రెండోది చట్టం. మూడోది — "సదరు సంవత్సరం నీటిలో కిరోసిన్ వాసన వచ్చినట్టు ఫిర్యాదు ఉన్నమాట వాస్తవమే. విచారణలో అది ఒక వంటవాడి తుంటరి పని అని తేలింది. అతడు ఒప్పుకున్నాడు. శిక్ష కూడా పడింది. కావున నీటికీ, జబ్బుకూ సంబంధం లేదు."

కింద ఆ వంటవాడి సర్వీసు నంబరు.

సార్ కళ్లద్దాలు తీశాడు. "ఎవడో దరిద్రుడు, వాడి సరదాకి మల్లయ్య బతుకు పోయింది." అప్పీలుకు పద్దెనిమిది రోజులే గడువట.

నా నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

సెప్టెంబర్ 23

యాదమ్మ ఇచ్చిన గ్లాసు ఎప్పటిలాగే వాసన చూసి తాగాను. పెళ్లయినప్పటి నుంచి ఇదే గొడవ. మా ఇంటి నీళ్లు నీకు కంపా అంటుంది. తిట్టించుకోవడం సరదాగా ఉంటుంది కదా అని కారణం ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ రాస్తాను. ఈ పేజీ ఎవరికీ చెప్పదు.

నేను కలపలేదు.

ఉప్పు డబ్బాలో చక్కెర పోశాను. హవల్దార్ బూట్లలో పిండి పోశాను. సీఓ సాబ్ కుక్కకి రంగు వేశాను. నీళ్లలో కిరోసిన్ మాత్రం కలపలేదు. ఆ వాసన బోరులోంచే వచ్చేది. పొద్దున డ్రమ్ము మూత తీస్తే పైన తెట్టు, ఇంద్రధనస్సు రంగులు. గరిటెతో తీసి పారేసి చాయ్ పెట్టేవాణ్ణి.

ఫిర్యాదు పోయింది. పై నుంచి ఒకాయన గాజు సీసాలు పట్టుకుని నీళ్లు తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ పొద్దున అందర్నీ వరసగా నిలబెట్టి సుబేదార్ మేజర్ అడిగాడు — ఎవరైనా కలిపారా? ఒక్కొక్కడే నా వైపు చూశాడు. ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు. తర్వాత వరస వరసంతా.

ఆ నవ్వు... అంతమంది ఒకేసారి నవ్వడం నేను మళ్లీ వినలేదు. ఒక అడుగు ముందుకేశాను. నేనే సాబ్ అన్నాను.

ఏడు రోజుల పిట్టూ. ఇసుక సంచీ వీపున కట్టి ఎండలో పరుగు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాత. ఆ రోజు నుంచి నా పేరు కిరోసిన్ సైదులు. రమ్ము పోయించుకున్నాను, భుజాలు తట్టించుకున్నాను. చెయ్యని పనికి అంత పేరు ఎవడికీ రాదు.

గాజు సీసాలాయన ఖాళీ సీసాలతో వెనక్కి పోయాడు. మేం ఇంకో మూడేళ్లు ఆ నీళ్లే తాగాం.

సెప్టెంబర్ 24

సార్ పెన్నులో ఎర్ర సిరా పోద్దామనుకున్నాను. ఎర్ర సిరా చూడగానే మానేశాను.

సెప్టెంబర్ 26, సోమవారం

చెప్పేశాను. సార్ ఇడ్లీ తింటున్నాడు. ఆ నంబరు నాది సార్ అన్నాను. చట్నీ గిన్నె చేతిలోనే ఆగింది.

ముందు నమ్మలేదు. సర్వీసు పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఎర్ర రాత చదివాడు. నా మొహం చూశాడు. మళ్లీ చదివాడు.

"ఇంతకీ కలిపావా, లేదా?"

"లేదు సార్."

"నవ్వుతున్నావేంటయ్యా?"

"నా మూతే గట్లుంటది సార్."

ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాడు. తర్వాత సొరుగులోంచి స్టాంపు కాగితం తీశాడు. అఫిడవిట్ కావాలట, నోటరీ ముద్రతో. నీ మాట ఒక్కటే నిలబడదు, సాక్షి కూడా కావాలి అన్నాడు. పోతూ పోతూ మెట్ల మీద ఆగి, "స్కూటర్ వెనకాల అంటించింది కూడా నువ్వేనా?" అన్నాడు.

అది మాత్రం నేనే సార్.

సెప్టెంబర్ 27

కోర్టు పని బంద్. వకీళ్లు సమ్మెలో. కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీనగర్ — నోటరీ బోర్డులున్న తలుపులన్నింటికీ తాళాలు. సమ్మె నాది కూడా. ఆదివారం ధర్నాలో కూర్చుని గొంతు చించుకున్నాను. నా గొంతు చించుకున్న సమ్మెకే నా కాగితం ఆగిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక షట్టర్‌ను తన్నాను. కాలు నొప్పి.

సెప్టెంబర్ 28

షేర్ ఆటోలో బడంగ్‌పేట్. మల్లన్న మంచం మీద కూర్చుని దానిమ్మ గింజలు వలుస్తున్నాడు. తినడు. డాక్టరు వద్దన్నాడట. మనవరాలికి వలుస్తాడు.

నన్ను చూడగానే కోడల్ని పిలిచాడు. కిరోసిన్ సైదులు వచ్చిండు, నీళ్లు దాచిపెట్టుండ్రి అని. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ కథ వాళ్లకు కంఠతా. నేను నవ్వలేదు. దాంతో మల్లన్నకు అనుమానం వచ్చింది.

ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. నేను కలపలేదని కూడా చెప్పాను.

"ఏంది రా? నా పెండ్లిల చెప్పిన, నా బిడ్డ పెండ్లిల చెప్పిన. నువ్వు కలిపినవనే చెప్పిన. గిప్పుడు కలపలేదంటవా?"

"కలపలేదు మల్లన్నా."

"నాకోసమని అబద్ధమాడకు. సుబ్బారావు సార్ రాయమన్నడా గట్ల?"

నా బతుకులో ఒక్క నిజం చెబితే దాన్ని అబద్ధం కింద జమకట్టాడు. లేచి పోదామనుకున్నాను. అప్పుడు మల్లన్న చెయ్యి దానిమ్మ మీద ఆగింది. కళ్లు గోడ మీద.

మెల్లగా అన్నాడు — "నువ్వు పిట్టూ కొట్టిన ఏడు దినాలు లంగర్ల నువ్వు అడుగు వెట్టలే. నీ జాగల నీళ్లు వోసింది నేను."

అవునన్నాను.

"వాసన పోలే. ఏడో దినం గూడ గట్లనే ఉండె. నేనే ముక్కు మూసుకొని వడ్డించిన. మేము ఏమనుకున్నమంటే... గంత ఎక్కువ వోసిండు వీడు అనుకున్నం."

కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. మల్లన్నకి కోపం వస్తుందేమోనని కాళ్లు వెనక్కి లాక్కున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కోడలు వీపు రాసింది.

"నీ నోరు వడిపోను. ఒక్కసారి... ఒక్కసారి ఊకె ఉంటే అయిపోతుండెగా రా."

దానిమ్మ గింజలు నా చేతిలో పోశాడు. తిన్నాను.

సెప్టెంబర్ 29

సాక్షి దొరికాడు. నోటరీ లేడు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

ఎల్బీనగర్ రోడ్డు మీద వంటా వార్పు. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం — బండ్లన్నీ ఆగిపోవాలి. ఈ రోజు వకీళ్ల వంతు. నల్ల కోట్లు, చేతిలో గరిటెలు. నాకు కావలసిన నోటరీ అక్కడే ఉన్నాడు, కిచిడీ తిప్పుతున్నాడు. వాసన దూరం నుంచే తెలిసింది. అడుగంటింది.

ముద్ర కావాలి సార్ అన్నాను. సమ్మెల ఉన్నం అన్నా, పెన్ను వట్టం అన్నాడు. ఎవరి కోసం అని అడగలేదు. నేను గంగాళంలోకి చూశాను. సార్, ఇది ఇంకో పది నిమిషాలైతే రోడ్డు వెయ్యడానికి పనికొస్తది అన్నాను. ఆయన కోపంగా చూశాడు. చుట్టూ ఉన్న వకీళ్లు ఆయన వైపు చూశారు.

రెండు వందల మంది. గంగాళాలు మూడు. వాళ్లకు పది మందికి పైన వంట లెక్క రాదు, నాకు వందకి తక్కువ రాదు. ఇంట్లో వండితే యాదమ్మ వాడంతా పంచాలి. గరిటె లాక్కున్నాను. ఉల్లిగడ్డలు కోయించాను. సీనియర్ వకీళ్లను వరసగా కూర్చోబెట్టి సన్నగ సన్నగ అని అరిచాను. ఇన్నాళ్లకు నల్ల కోట్ల మీద అరిచే అవకాశం.

మధ్యాహ్నానికి టమాట బాత్, పచ్చి పులుసు. నోటరీ మూడోసారి పెట్టించుకుని, అన్నా, ఏం కాగితమది అన్నాడు. చదివాడు. తినడం ఆపాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మొత్తం మళ్లీ చదివాడు. సంచిలోంచి ముద్ర తీశాడు. కోర్టు బంద్, రోడ్డు బంద్ కాదు అన్నాడు.

ఫోన్ చేస్తే మల్లన్న వచ్చి, ఆటోలోనే కూర్చుని సంతకం పెట్టాడు. తన ఏడు రోజుల సంగతి వేరే కాగితం మీద. నా కాగితానికి తోడు సుబ్బారావు సార్ సంతకం. ఆయన వచ్చింది స్కూటర్ మీదే. స్టిక్కర్ అలాగే ఉంది. దాన్ని చూసి పిల్లలు చప్పట్లు కొట్టి ఆయన్ని తీసుకుపోయి టెంటులో కూర్చోబెట్టారు. మైకు చేతికిచ్చారు. గోదావరి పెద్దమనిషి మనకు మద్దతు పలకడానికి వచ్చాడని ప్రకటించారు.

సార్ నన్ను చూశాడు. ఆ చూపు ఒకటి జన్మకు చాలు. మైకు సర్దుకుని, "భోజనం చాలా బాగుంది" అని కూర్చున్నాడు. చప్పట్లు ఆగలేదు.

అక్టోబర్ 1

అప్పీలు రిజిస్టర్ పోస్టులో వేశాం. పోస్టాఫీసుకు సమ్మె లేదు. కవరు కౌంటర్ లోపలికి పోయాక కూడా సార్ చెయ్యి అక్కడే ఉంది.

అక్టోబర్ 6, దసరా

మల్లన్న ఇంటికి పోయి జమ్మి ఆకు పెట్టాను. బంగారం అని చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టాను. మామూలుగా అయితే ఆకులో పచ్చిమిరపకాయ చుట్టి పెడతాను. ఆయన విప్పి చూశాడు. ఏం లేదు. వాసన చూశాడు.

"మంచిగనే ఉన్నవా రా?" అన్నాడు, దిగులుగా.

అక్టోబర్ 10

సార్ ఇంకో ఫారం బల్ల మీద పెట్టాడు. ఇది ఎవరిదీ అన్నాను. నీదే అన్నాడు. నువ్వు తాగింది కూడా ఆ నీళ్లే కదయ్యా. ముందు దవాఖానకు పోయి రక్తం ఇచ్చి రా.

నాకేం లేదు సార్, దున్నపోతులాగా ఉన్నాను అన్నాను.

ఫారం ఇంటికి తెచ్చాను. పేరు రాశాను, నంబరు రాశాను. అంతే.

అక్టోబర్ 12

యాదమ్మ ఫారం చూసింది. గ్లాసు వాసన సంగతి ఇన్నాళ్లకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అందుకే భయమేసింది.

అక్టోబర్ 21, శుక్రవారం

ఉత్తరం. అప్పీలు తీసుకున్నారట. బోర్డు ముందుకు రమ్మని పిలుపు — మల్లయ్యకు కాదు, నాకు. సదరు వంటవాడు స్వయంగా హాజరై నోటితో చెప్పాలట. వచ్చే నెల మొదటి మంగళవారం, పదింటికి.

సార్ గదిలో కుర్చీలు మార్చి బోర్డు అయ్యాడు. కింద టిఫిన్ సెంటర్ నుంచి దోసెల మాస్టర్‌ను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టాడు.

"నీళ్లలో కిరోసిన్ నువ్వు కలిపావా?"

"లేదు సార్."

"మళ్లీ నవ్వావు."

ఆరుసార్లు. ఆరోసారికి మాస్టర్ కూడా వీడే కలిపిండు సార్ అన్నాడు. మల్లన్న ఫోన్ చేశాడు, రక్తం కడిగే మంచం మీద నుంచి. వెనకాల మిషన్ చప్పుడు. "మూతి సక్కగ వెట్టు రా సైదులు. నా కిడ్నీలు నీ మూతి మీద ఉన్నయి." అని తనే నవ్వాడు. నన్నెట్లా ఆపుకోమంటాడు.

అక్టోబర్ 22

పొద్దున అద్దం ముందు. లేదు సాబ్. లేదు సాబ్. కలపలేదు సాబ్. పళ్లు కనపడకుండా, కళ్లు కిందికి వంచి... ఏదో దాస్తున్నవాడిలాగా ఉంది. కళ్లు పైకెత్తితే పొగరు. మామూలుగా పెడితే పాత మొహమే — వరసలోంచి ఒక అడుగు ముందుకేసిన మొహం.

యాదమ్మ గ్లాసుతో వచ్చి వెనక నిలబడింది. వాసన చూడకుండా తీసుకున్నాను.

"ఒట్టేసి చెప్పు," అంది. "నిజంగ కలపలేదా?"

లేదన్నాను.

అద్దంలో నన్నే చూస్తోంది. ఇంకా చూస్తోంది. బోర్డుకు ఇంకా పది రోజులున్నాయి.