రిజిస్ట్రార్ గదిలో మూడు దెబ్బలు

సుజాతా,

రేపు నీ సంవత్సరీకం. ఇవాళ మన లావణ్యను కొట్టాను.

హాస్టల్ నీళ్లు తాగిన పిల్లలకు కామెర్లు వస్తే, అది స్నేహితులతో కలిసి యూనివర్సిటీ గేటు ముందు కూర్చుంది. సెక్యూరిటీ వాళ్లు కర్రలతో బాదారు. ఎడమ చెయ్యి విరిగి కట్టులో ఉంది. అది చాలదన్నట్టు నన్ను పిలిపించారు.

రిజిస్ట్రార్ ముందు నాకు ఒక్కటే తోచింది. వాళ్లు శిక్షించకముందే తండ్రే శిక్షిస్తే జాలిపడతారని. స్కూల్లో మా నాన్న నన్నలాగే గట్టెక్కించాడు. "బుద్ధుందా నీకు?" అని చెంప మీద కొట్టాను. రిజిస్ట్రార్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆపుతాడేమోనని ఇంకోటి కొట్టాను. ఆపలేదు. మూడో దెబ్బకు పెదవి చిట్లి, రక్తం కట్టు మీద పడింది.

అప్పుడు "చాల్లెండి" అని ఒక కాగితం నా వైపు జరిపాడు. ఏడాది సస్పెన్షన్. మేం రాకముందే సంతకం పెట్టి ఉంచాడు, దొంగవెధవ.

దాని చిన్నప్పుడు నేను చెయ్యెత్తితే నువ్వు మధ్యలోకి వచ్చి నిలబడేదానివి.

మైలవరం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కొండపల్లి దాటాక అడిగాను.

"చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చుగా?"

"సెక్యూరిటీ వాళ్లకి పెట్టాను నాన్నా, అందుకే విరిగింది" అంది. కిటికీలోంచి చూస్తూనే, "రెండు దెబ్బలయ్యాక కూడా, నువ్విక కొట్టవనే అనుకున్నాను" అంది.

రేపు నీ ఫొటోకు దండ అదే వేస్తుంది. నేను గుమ్మం బయటే ఉంటాను.