రెండు రకాల డబ్బాలు

రాకింగ్‌హామ్

డాక్టర్ పెంగెలీ గారికి,

మా ఆయన్ని మీరు అబద్ధాలకోరుని చేశారు. గల్ఫ్ యుద్ధంలో ఓడ మీద పనిచేసి వచ్చిన దగ్గర్నుంచి లెస్‌కి తలనొప్పి, కీళ్ళనొప్పులు, మతిమరుపు. పరీక్షల్లో ఏమీ దొరకలేదని రోగమంతా మనసులోనే ఉందన్నారు. టోస్టు మీద పూసుకునే వెజిమైట్, టమాటా సాసు, చీజు, పాకెట్ సూపులు మానేశాక మనిషి మళ్ళీ తోటలో గడ్డి కోస్తున్నాడు. ఈ పథ్యాన్ని పరీక్షించడానికి మీకేం అడ్డం?

ఇట్లు,
నోలా కడ్మోర్

తా.క. సరదాకి వెజిమైట్ మానేసే మగాణ్ణి ఈ దేశంలో ఒక్కణ్ణి చూపించండి.

*

నోలా గారికి,

అబద్ధమనలేదు, రుజువు లేదన్నాను. పథ్యం వల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. అయినా మా వైద్య కమిటీని ఒప్పించాను. లెస్‌నీ, అతని ఓడ మిత్రులనీ రెండు జట్లు చేస్తాం. ఒక జట్టుకి పథ్యం డబ్బాలు, రెండో జట్టుకి మామూలు భోజనం డబ్బాలు. ఎవరికి ఏదో చెప్పం. తేడా కనబడకపోతే ఈ సంగతి ఇంతటితో సరి.

భవదీయుడు,
హ్యూ పెంగెలీ

తా.క. నా టోస్టు మీద ఏముందో దయచేసి అడక్కండి.

*

డాక్టర్ గారికి,

కావాలనే మా ఆయనకి మామూలు డబ్బా అంటగట్టారు. మూత తీస్తే సాసు వాసన గుప్పుమంది. ఆయన్ని నిలదీస్తే "ఊరుకోవే, ఆర్డరంటే ఆర్డరే" అని డబ్బా చంకన పెట్టుకుని ఓడ మిత్రుడు బార్నీ వాళ్ళ షెడ్డుకి పోతున్నాడు. నొప్పులు తిరగబెడితే మిమ్మల్ని వదిలిపెట్టను.

నోలా

తా.క. వాసన పట్టడానికి కమిటీ అక్కర్లేదు.

*

నోలా గారికి,

ఫలితాలు వచ్చాయి. రెండు జట్లకీ కాస్త నయమైంది, తేడా మాత్రం లేదు. శుక్రవారం కమిటీ "మనోభ్రమ" అని రాసి ఫైలు మూసేస్తుంది. ఆ తర్వాత లెస్‌ని ఏ డాక్టరూ పట్టించుకోడు. నాకూ బాధగానే ఉంది.

హ్యూ పెంగెలీ

తా.క. వాదన ఉంటే ఈలోగా రాయండి. తిట్లు వాదన కింద జమకావు.

*

డాక్టర్ గారికి,

నిన్న షెడ్డుకి నేనే వెళ్ళాను. డబ్బాలన్నీ ఒక్క బేసిన్లో బోర్లించి, గరిటెతో అందరికీ సమానంగా వడ్డిస్తున్నాడు మా ఆయన.

"ఇదేం పని?" అన్నాను.

"ఒకడికి మంచి తిండి, ఇంకొకడికి సాసు తిండా? ఓడ మీద ఏనాడైనా అలా తిన్నామా?"

"ప్లేటు తెచ్చుకో వదినా," అన్నాడు బార్నీ.

మొదటి రోజు నుంచీ ఇలాగే తింటున్నారట. మీ రెండు జట్లూ మొదట్నుంచీ ఒకే జట్టు. వాళ్ళ రక్తం తీసి చూశారే గానీ, వాళ్ళెలా తింటారో అడిగారా? పథ్యం పనిచేసిందో, కలిసి తినడం పనిచేసిందో నాకు తెలీదు. మీకూ తెలీదు. మీకు తెలీనిదానికి మా ఆయన మనసు మీద ముద్ర వేస్తారా?

నోలా కడ్మోర్

తా.క. మా డిమాండ్లు:

ఫైలు మూయొద్దు.

"మనోభ్రమ" కొట్టేసి "కారణం మాకు తెలియదు" అని రాయండి.

పరీక్ష మళ్ళీ పెట్టండి. ఒక ఓడవాళ్ళందరికీ ఒకే తిండి, వేరే ఓడవాళ్ళకి వేరే తిండి.

అంతదాకా షెడ్డుకి డబ్బాలు ఆపొద్దు.

శుక్రవారం కమిటీ అక్కడికే రావాలి. ప్లేట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.